చివరి మనిషి వచ్చేదాకా చాప చుట్టకండి: చారిటీ రన్ నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

చారిటీ రన్‌లు నిర్వహించే మిత్రులందరికీ నమస్కారం.

నాకు 67 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా మీలాంటివాళ్లు పెట్టే 5కె, 10కె (అయిదు, పది కిలోమీటర్ల) పరుగుల్లో పాల్గొంటున్నాను. మీరు నన్ను చూసే ఉంటారు. గుంపంతా కనుమరుగయ్యాక, అంబులెన్స్‌కి కాస్త ముందు, ముఖం ఎర్రగా చేసుకుని వచ్చే మనిషిని నేనే. నా దరిదాపుల్లో ఇంకో నలుగురైదుగురు ఉంటారు. ఒకావిడ మోకాలికి పట్టీ ఉంటుంది. ఇంకొకావిడ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటుంది, అంత ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుందో ఆవిడకే తెలియాలి. వాళ్లందరి తరఫున రాస్తున్నానని చెప్పను, వాళ్లని అడగలేదు కాబట్టి. చదివితే తల ఊపుతారనే నా నమ్మకం.

నా మొదటి పరుగు నా పేరు మీద జరగలేదు. ఒక ఆస్పత్రిలో పిల్లల వార్డు కోసం పెట్టిన 5కె రన్‌కి మా అమ్మాయి పేరిచ్చింది. తీరా ఆ రోజు తెల్లారేసరికి జ్వరంతో మంచం దిగలేకపోయింది. "డబ్బు కట్టేశాం కదమ్మా, నువ్వెళ్లి నడిచి రా" అంది. తన బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం, తగిలించుకుని నడుద్దామనే వెళ్లాను. రెండో కిలోమీటర్ దాటాక రోడ్డు పల్లంలోకి దిగింది. కాళ్లు వాటంతట అవే పరుగందుకున్నాయి. స్కూలు వదిలాక పరిగెత్తడం మళ్లీ అదే. పల్లం అయిపోయాక కూడా ఆపబుద్ధి కాలేదు. కాస్త పరిగెత్తడం, రొప్పు వస్తే నడవడం, ఇలా 51 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆ టైమ్ ఇప్పటికీ, అప్పట్లో 31 ఏళ్లున్న మా అమ్మాయి పేరు మీదే ఉంది. "నా పరువు తీశావమ్మా" అంటుంది.

అలా ఇంకొకరి బిబ్‌తో పరిగెత్తకూడదని నాకు తర్వాత తెలిసింది. బిబ్ నంబరుకి ఒక మనిషి వయసు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ముడిపడి ఉంటాయి. నేను దారిలో కూలబడి ఉంటే, వైద్యం చేసేవాళ్ల కాగితాల్లో 31 ఏళ్ల ఆరోగ్యవంతురాలు ఉండేది, ఎదురుగా 59 ఏళ్ల బీపీ మనిషి ఉండేది. చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. మీ తప్పుల గురించి రాయబోతున్నాను కాబట్టి నాది ముందు చెప్పుకున్నాను.

ఆ తర్వాతి పరుగులన్నీ నా పేరుతోనే. నా వయసుతో అని మాత్రం అనలేను. రెండో పరుగు ఫారంలో ఆడవాళ్లకి రెండే గళ్లున్నాయి: 18 నుంచి 44, 45 ఆ పైన. నాకప్పుడు 60 నిండాయి. నాతో పోటీ పడిన ఒకావిడకి 46. ఆవిడ పుట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అదే ఫారంలో మగవాళ్లకి 45 దాటాక మూడు గళ్లు పెట్టారు. ఎందుకని అడిగితే, "ఆ వయసు లేడీస్ ఎక్కువమంది రారు మేడమ్" అన్నారు. రారు కాబట్టి గడి లేదు. గడి లేదు కాబట్టి వచ్చిన ఒకరిద్దరు ఫలితాల్లో ఎక్కడో అడుగున కలిసిపోతారు. వాళ్లు కనిపించకపోతే, ఇంట్లో కూర్చున్న మూడో ఆవిడకి తనూ వెళ్లవచ్చన్న ఆలోచన ఎలా వస్తుంది?

ఇది మీరు కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కూడా కాదు. ప్రపంచ స్థాయి మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో, అంటే వయసు పైబడ్డవాళ్ల పోటీల్లో, 35 ఏళ్ల నుంచి అయిదేసి ఏళ్లకి ఒక వర్గం ఉంటుంది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేలా. మన దేశపు మన్ కౌర్ 93 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టింది. 2017లో ఆక్లాండ్‌లో జరిగిన వరల్డ్ మాస్టర్స్ గేమ్స్‌లో 101 ఏళ్ల వయసులో 100 మీటర్లు పరిగెత్తింది. 74 సెకన్లు పట్టింది. ఆ వర్గంలో ఆవిడ ఒక్కతే. ఒక్కతే ఉందని నిర్వాహకులు ఆ వర్గాన్ని ఎత్తేయలేదు, యాభై ఏళ్ల వాళ్లతో కలిపేయలేదు. బంగారు పతకం మెడలో వేశారు. చిన్న చిన్న రన్‌లకి అయిదేళ్లకో వర్గం కష్టమే, తెలుసు. కనీసం 60కి ఒకటి, 70కి ఒకటి పెట్టండి. ఫారంలో రెండు గీతలు అదనంగా గీస్తే సరిపోయే పని.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ లేఖ రాయడానికి కారణం రెండేళ్ల కిందటి ఒక 10కె రన్. ఎవరు నిర్వహించారో చెప్పను. వాళ్లు మంచి పనికే పెట్టారు, ఆ డబ్బు కూడా చేరాల్సిన చోటికే చేరిందని విన్నాను.

కటాఫ్, అంటే పరుగు పూర్తి చేయడానికి ఇచ్చే గడువు, 90 నిమిషాలు అని ముందే చెప్పారు. అంటే కిలోమీటర్‌కి 9 నిమిషాలు. ఆ లెక్క అందుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు కండరాల వ్యాయామం, మిగతా రెండు రోజులు విశ్రాంతి. ఈ వయసులో విశ్రాంతి కూడా సాధనలో భాగమే. ముప్పై ఏళ్లవాళ్లు ఒక రాత్రి నిద్రతో కోలుకునే అలసటకి నాకు రెండు రోజులు కావాలి. రుతుక్రమం ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, కండ కరుగుతుంది. పరుగూ బరువులూ ఆ కరగడాన్ని నెమ్మదింపజేస్తాయే కానీ పూర్తిగా ఆపవు. ఇవన్నీ లెక్కలో పెట్టుకునే తయారయ్యాను. ఆ రోజుకి టెన్షన్ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నిదానంగా వెళ్లేవాళ్లని వెనక నిలబెట్టారు. అది సబబే. ముందు నిలబడితే కుర్రాళ్లు తోసుకుంటూ పోతారు, ప్రమాదం. హారన్ మోగింది. మా ముందు దాదాపు వెయ్యి మంది. అడుగులో అడుగు వేసుకుంటూ స్టార్ట్ లైన్ దాకా చేరడానికే నాలుగు నిమిషాలు పట్టింది. అక్కణ్నుంచి నా వాచీ ఆన్ చేసుకున్నాను. ఏడో కిలోమీటర్ దగ్గర ఎడమ పిక్క పట్టేసింది. ఆగి సాగదీసి మళ్లీ అందుకున్నాను. చివరి మలుపు తిరిగేసరికి వాచీలో 87 నిమిషాలు దాటుతోంది. అందుతానని తెలిసిపోయింది. ఆ రెండు వందల మీటర్లు నేను ఎలా పరిగెత్తానో నాకే తెలియదు.

88 నిమిషాల 20 సెకన్లు. వచ్చి చూస్తే అక్కడ ఫినిష్ లైన్ లేదు. గాలి తీసేసిన ఆర్చ్ రోడ్డు మీద పడుకుని ఉంది. ఇద్దరు కుర్రాళ్లు టైమింగ్ మ్యాట్ చుట్టి వ్యాన్‌లో పెడుతున్నారు. నేను ఆ ఆర్చ్ గుడ్డ మీద నుంచి దాటుకుని వెళ్లాను. అదే నా ఫినిష్.

ఏం జరిగిందో మీకు తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. బిబ్ వెనక అంటించే చిప్‌కి సాధారణంగా బ్యాటరీ ఉండదు. స్టార్ట్ దగ్గర, ఫినిష్ దగ్గర పరిచే మ్యాట్ - నేను చాప అంటాను - దాన్ని చదువుతుంది. రెండు చాపల మధ్య పట్టిన సమయం ఆ మనిషి చిప్ టైమ్. హారన్ మోగినప్పటి నుంచి లెక్కేసేది గన్ టైమ్. ముందొచ్చే పదిమంది స్థానాలు తేల్చడానికి గన్ టైమ్ చూడటం రివాజు. మిగతావాళ్లకి చిప్ టైమే న్యాయం. కానీ ఆ రోజు కటాఫ్‌ని గన్ టైమ్‌తో లెక్కపెట్టారు. ఆ లెక్కన నాది 92 నిమిషాలు. వెనక నిలబడమన్నదీ మీరే, వెనక నిలబడినందుకు నాలుగు నిమిషాలు కోత పెట్టిందీ మీరే. చాప లేకపోతే చిప్ వట్టి కాగితం ముక్క. ఫలితాల్లో నా నంబర్ ఎదురుగా "పూర్తి చేయలేదు" అని పడింది.

అడిగాను. "మీరు ఫినిష్ చేశారు కదా మేడమ్, మీ ఏజ్‌లో అదే చాలా గ్రేట్" అన్నారు. నవ్వుతూ, ఎంతో మర్యాదగా అన్నారు. అందుకే గట్టిగా పోట్లాడలేకపోయాను. ఇంటికొచ్చి స్నానం చేస్తూ ఏడ్చాను. తర్వాత సిగ్గేసింది. ఇంత వయసొచ్చి ఒక అంకె కోసం ఏడుపేమిటని. తర్వాత ఆ సిగ్గు కూడా పోయింది. ముప్పై ఏళ్లవాడు తన టైమ్ రాలేదని గొడవ చేస్తే సీరియస్ రన్నర్ అంటారు. నేను అడిగితే పాపం పెద్దావిడ.

కటాఫ్ పెట్టొద్దని నేననను. రోడ్డు మూయడానికి అనుమతి కొన్ని గంటలకే ఇస్తారు. వాలంటీర్లు తెల్లవారుజాము మూడింటి నుంచి నిలబడి ఉంటారు. నేను అడిగేది ఇంతే: చివరి మనిషి స్టార్ట్ లైన్ దాటినప్పటి నుంచి గడియారం మొదలుపెట్టండి. చాలా పెద్ద మారథాన్లు చేసేది అదే. ఇంకా వీలైతే 10కెకి రెండు గంటలు ఇవ్వండి. గంటకి 5 కిలోమీటర్ల చొప్పున చురుగ్గా నడిచేవాళ్లు కూడా ఆ సమయానికి వచ్చేస్తారు. అంత వీలు లేకపోతే, లేదని ముందే స్పష్టంగా రాయండి, 5కెకి పేరిస్తాం. కటాఫ్ దాటినవాళ్లని వ్యాన్ ఎక్కించినా నాకు అభ్యంతరం లేదు. చెప్పిన టైమ్ లోపల వచ్చిన మనిషికి ఫినిష్ లైన్ కనిపించాలి.

"ఇది పోటీ కాదు కదా, మంచి పని కోసం సరదాగా చేసేది" అనే మాట ప్రతిసారీ వింటాను. సరే, ఆ మాటని నిజంగా పాటించేవాళ్లు ఉన్నారు. క్యాన్సర్ వల్ల కుడికాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ కాలితో కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరి, క్యాన్సర్ పరిశోధనకి నిధుల కోసం 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. వ్యాధి ఊపిరితిత్తులకి పాకడంతో ఆగిపోయాడు. 1981 నుంచి అతని పేరిట జరుగుతున్న పరుగుల్లో పోటీ లేదు, విజేత లేడు, బహుమతి లేదు. అక్కడ నా టైమ్ ఎవరూ రాయకపోతే నేను నొచ్చుకోను, ఎందుకంటే అక్కడ ఎవరి టైమూ రాయరు. మీరు అలా పెట్టండి, సంతోషంగా వస్తాను. కానీ మొదటి ముగ్గురికి వేదిక, చెక్కు, ఫొటో పెట్టి, చివరి ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి "పోటీ కాదు కదా" అనడం కుదరదు. గడియారం పెడితే అందరికీ పెట్టాలి.

టైమ్ రాస్తూనే ఎవర్నీ చిన్నబుచ్చకుండా నడిపే పద్ధతి కూడా ఉంది. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్‌లో ప్రతి వారం ఒక వాలంటీర్ పని ఏమిటంటే, అందరికంటే వెనక రావడం. చివరి స్థానం ఎప్పుడూ ఆ వాలంటీర్‌దే. ఎంత నిదానంగా వచ్చినా మన వెనక ఒకరుంటారు, ఆ ఒకరు వచ్చేదాకా సామాను సర్దరు. దీనికి ఖర్చేముంది? ఒక మనిషి, ఒక రంగు జాకెట్.

అక్కడి ఫలితాల్లో ఇంకొకటి ఉంటుంది: ఏజ్ గ్రేడింగ్. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఆ వయసులో, ఆడవాళ్లయితే ఆడవాళ్లలో, ఆ దూరానికి ప్రపంచ ప్రమాణంగా పెట్టుకున్న సమయం ఒకటి పట్టికలో ఉంటుంది. దాన్ని మన టైమ్‌తో భాగించి శాతం చేస్తారు. ప్రమాణం 25 నిమిషాలు అనుకుంటే, 50 నిమిషాల్లో వచ్చిన మనిషికి 50 శాతం. నా వాకింగ్ స్నేహితురాలు ఒకావిడకి ఈ లెక్క వేసి చూపించాను. అదే పరుగులో వాళ్లబ్బాయి ఆవిడకంటే పదకొండు నిమిషాలు ముందొచ్చాడు, శాతంలో మాత్రం తల్లి కంటే వెనకబడ్డాడు. ఆ కాగితం ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. బహుమతులన్నీ దీని మీదే ఇవ్వాలని కాదు. ఫలితాల్లో ఒక గడి పెంచండి, మా వయసువాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో మీకే కనిపిస్తుంది.

నేను స్కూల్లో ఉన్నప్పుడు అబ్బాయిలకి 1500 మీటర్ల పందెం ఉండేది, మాకు 100 మీటర్లు. అంతకంటే ఎక్కువైతే ఆడపిల్లలకి మంచిది కాదని డ్రిల్ మాస్టారు నిజంగానే నమ్మేవారు. ఆయన ఒక్కరే కాదు లెండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరిగెత్తాక, వాళ్లు కుప్పకూలిపోయారని పత్రికలు ఉన్నవీ లేనివీ రాశాయి. ఆ పందెం మళ్లీ 1960లో కానీ తిరిగి రాలేదు. బోస్టన్ మారథాన్ ఆడవాళ్లని అధికారికంగా చేర్చుకున్నది 1972లో. అంతకు అయిదేళ్ల ముందు, పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో నమోదు చేసుకుని 261 నంబరుతో పరిగెత్తుతున్న క్యాథ్రిన్ స్విట్జర్ మీదకి నిర్వాహకుడొకాయన ఉరికి బిబ్ లాగేయబోయాడు. ఆవిడ ఆగలేదు, పూర్తి చేసింది. 2017లో, 70 ఏళ్ల వయసులో, అదే బోస్టన్‌లో అదే నంబరుతో 4 గంటల 44 నిమిషాల్లో మళ్లీ పూర్తి చేసింది. ఈసారి ఆ టైమ్ ఫలితాల్లో ఉంది. మీలో ఎవరూ మా బిబ్ లాగరు, తెలుసు. మా చాప చుట్టేస్తారంతే.

దారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. వెనకవాళ్లు చూసే రోడ్డూ ముందువాళ్లు చూసే రోడ్డూ ఒకటి కాదు. మేం వచ్చేసరికి వాటర్ పాయింట్ దగ్గర నీళ్లు అయిపోయి, తాగి పారేసిన కప్పులు తడి రోడ్డు నిండా ఉంటాయి. ఇరవై ఏళ్లవాడు జారితే లేచి దులుపుకుంటాడు. నా వయసులో జారితే మణికట్టో తుంటో విరుగుతుంది. తుంటి ఎముక విరిగాక మళ్లీ మామూలుగా నడవని ఆడవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. కప్పులు వేయడానికి వాటర్ పాయింట్ దాటాక ముప్పై అడుగుల దూరంలో పెద్ద డబ్బాలు పెట్టండి, ఒక వాలంటీర్ చీపురుతో ఉంటే ఇంకా మేలు. స్పీడ్ బ్రేకర్‌కీ గుంటకీ తెల్లసున్నంతో ముందురోజే గుర్తు పెట్టండి. పొద్దున్నే చీకట్లో మొదలుపెడితే మా కళ్లకి అవి ఆనవు.

అన్నిటికంటే ముఖ్యం, కోన్లు తీసేసి ట్రాఫిక్ వదిలేస్తున్నారు, మేమింకా రోడ్డు మీదే ఉండగా. ఆ 10కెలో ఎనిమిదో కిలోమీటర్ తర్వాత నా పక్కనుంచి లారీలు వెళ్లాయి. మలుపు దగ్గర దారి చూపే మార్షల్ లేడు. ఎటు తిరగాలో ఒక మెకానిక్ కుర్రాడు చెప్పాడు. అతనికి ఈ లేఖ ద్వారా కృతజ్ఞతలు.

ఇప్పుడు ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తాను. టాయిలెట్లు. పిల్లల్ని కన్నవాళ్లలో, రుతుక్రమం ఆగినవాళ్లలో పొత్తికడుపు అడుగు కండరాలు వదులవుతాయి. దగ్గినా, తుమ్మినా, పరిగెత్తినా మూత్రం కాస్త కారుతుంది. చాలామందికి ఉంటుంది, చాలా కొద్దిమందే చెబుతారు. వ్యాయామంతో తగ్గుతుంది, డాక్టర్ని అడిగితే మార్గముంటుంది, అది మా బాధ్యత. కానీ వెయ్యి మందికి రెండు టాయిలెట్లు, అందులో ఒకటి తాళం వేసి ఉంటే, మా వయసు ఆడవాళ్లు ఏం చేస్తారో తెలుసా? ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. నోరెండిపోయి పరిగెత్తడానికి వస్తారు. ఎండ ఎక్కేదాకా రోడ్డు మీద ఉండేది కూడా వాళ్లే. కళ్లు తిరిగి కూలబడిన ఒకావిడని పట్టుకుని కూర్చోబెట్టినప్పుడు, "నీళ్లు తాగితే మధ్యలో ఎక్కడికి వెళ్లను?" అంది నాతో. మీ మెడికల్ టీమ్ రిపోర్టులో అది డీహైడ్రేషన్ అని నమోదై ఉంటుంది. అసలు కారణం మీ రూట్ మ్యాప్‌లో ఉంది. స్టార్ట్ దగ్గర ఆడవాళ్లకి విడిగా నాలుగు, సగం దారిలో కనీసం ఒకటి పెట్టండి. ఎక్కడున్నాయో మ్యాప్‌లో గుర్తు పెట్టండి. దారిలో ఏ పెట్రోల్ బంకో స్కూలో ఉంటే వాళ్లతో ముందే మాట్లాడినా చాలు.

మగ కొలతల టీ షర్టుల గురించీ, చలికి బిగుసుకున్న మోకాళ్లతో మమ్మల్ని గెంతించే వేదిక మీది జుంబా గురించీ రాయాలనుకున్నాను. వదిలేస్తున్నాను.

60 దాటినవాళ్లు మాత్రమే డాక్టర్ సర్టిఫికెట్ తేవాలని ఈమధ్య కొన్ని చోట్ల అడుగుతున్నారు. నేను తెస్తాను. ఎలాగూ ఏడాదికోసారి పరీక్షలు చేయించుకుంటాను. కానీ ఏనాడూ బీపీ చూపించుకోని నలభై ఏళ్ల మనిషి ఒక్క సంతకంతో లోపలికొచ్చి, మొదటి కిలోమీటర్ నుంచే శక్తికి మించి పరిగెడుతుంటే అతన్ని ఎవరు అడుగుతున్నారు? ఆరోగ్య ప్రశ్నలు అందర్నీ అడగండి. ఇంకో మాట. గుండెపోటు ఆడవాళ్లలో ఛాతీలో పోటుగానే రావాలని లేదు. ఆయాసం, దవడ నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఎన్నడూ లేని నిస్సత్తువ, ఇలా కూడా వస్తుంది. "పెద్దావిడ, అలిసిపోయింది" అని కుర్చీ వేసి వదిలేస్తే ప్రాణం పోతుంది. గుండె ఆగిపోతే షాక్ ఇవ్వడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందంటారు. ఆ షాక్ ఇచ్చే మీ ఏఈడీ యంత్రం ఫినిష్ దగ్గర టెంటులో ఉంటుంది. దాని అవసరం పడే మనిషి ఏడో కిలోమీటర్‌లో ఉండొచ్చు. సైకిల్ మీద ఒక వాలంటీర్‌కి ఇచ్చి వెనక గుంపుతో పంపండి. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం వాలంటీర్లందరికీ ఒక పూటలో నేర్పించవచ్చు.

మైకు పట్టుకున్న అబ్బాయికి నేనంటే ఇష్టం, నాకూ అతనంటే కోపం లేదు. "మన బామ్మగారు వచ్చేశారు, గట్టిగా చప్పట్లు" అంటాడు. అతనికి నా బిబ్ నంబర్ కనిపిస్తూనే ఉంటుంది, దాని ఎదురుగా జాబితాలో నా పేరుంటుంది. నా ముందొచ్చిన కుర్రాణ్ని పేరు పెట్టి పిలిచాడు. మనవలు పిలిచినప్పుడు ఆ పిలుపు ముద్దుగానే ఉంటుంది. మైకులో నాకూ పేరుంటే బాగుంటుంది, దాని పక్కన టైమ్ చదివితే ఇంకా బాగుంటుంది.

హ్యారియెట్ థాంప్సన్ అని అమెరికాలో పియానో కళాకారిణి ఒకావిడ ఉండేది. 1999లో, 76 ఏళ్ల వయసులో, రక్త క్యాన్సర్ రోగులకి విరాళాలు సేకరించడం కోసం మొదటి మారథాన్ చేసింది. తర్వాత తనకీ క్యాన్సర్ వచ్చింది, చికిత్సల మధ్యే ఆ పరుగులకి వస్తూ పోయింది. 2015లో శాన్ డియాగోలో 92 ఏళ్ల వయసులో 42 కిలోమీటర్లూ పూర్తి చేసి, అప్పటికి మారథాన్ పూర్తి చేసిన అతి పెద్ద వయసు మహిళ అయింది. ఎంత టైమ్ పట్టిందో సెకన్లతో సహా చెప్పగలం: 7 గంటల 24 నిమిషాల 36 సెకన్లు. అంతసేపూ ఎవరో ఒకరు అక్కడ చాప పరిచి ఉంచారు కాబట్టే చెప్పగలం.

విరాళాల మాట వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. కుర్రాళ్లు ఒక లింకు పంపి ఊరుకుంటారు. మా వయసువాళ్లం గడప గడపకీ వెళ్లి అడుగుతాం. నలభై ఏళ్ల పరిచయాలు, పాత సహోద్యోగులు, ఎప్పుడో చదువు చెప్పిన పిల్లలు, ఎవరూ కాదనరు. ఆ 10కెకి నేను 63 మంది దగ్గర సేకరించాను. నిర్వాహకులు ఆ డబ్బుకి పైసాతో సహా లెక్క చూసి రసీదు ఇచ్చారు. నా పరుగుకి మాత్రం రసీదు లేదు. ఇచ్చిన 63 మందిలో సగం మంది మర్నాడు ఫోన్ చేసి "ఎంతలో పూర్తి చేశావు?" అని అడిగారు. ఫలితాల్లో చూసినవాళ్లు అడగకుండా ఊరుకున్నారు. "పూర్తి చేయలేదు" అని చదివాక ఏమని అడుగుతారు? (మీ లెక్క కూడా బయటపెట్టండి. వచ్చింది ఎంత, ఏర్పాట్లకి పోయింది ఎంత, ఆస్పత్రికో బడికో చేరింది ఎంత. ఇచ్చినవాళ్లకి సమాధానం చెప్పాల్సింది వీధిలో ఎదురుపడే మేమే.)

వచ్చే సీజన్‌లో మళ్లీ ఒక 10కెకి పేరిచ్చాను. ఫారంలో మహిళలు 60 పైన అనే గడి కనిపించింది. ఎవరు పెట్టించారో తెలియదు, వాళ్లకి నా నమస్కారాలు. కటాఫ్ దగ్గర గన్ టైమా చిప్ టైమా అన్నది రాయలేదు. ఈమెయిల్ పంపాను, ఇంకా జవాబు రాలేదు. వెనక నడిచే వాలంటీర్ ఉన్నారా అని కూడా అందులో అడిగాను. మనిషి దొరకలేదని మాత్రం అనకండి. ఈసారి నేను పరిగెత్తుతున్నాను కాబట్టి కుదరదు. ఆ తర్వాతి రన్‌కి నా పేరు రాసుకోండి. రంగు జాకెట్ ఆడవాళ్ల కొలతల్లో ఉంటే చాలు.

ఇట్లు,
బిబ్ మీద తన పేరే ఉన్న ఒక రన్నర్